గృహహింస కేసు: స్టేషన్‌తోనే దారి మూసుకుపోదు

సంపాదకులకు,

భర్త కొడితే స్టేషన్‌కు వెళ్లడం, అక్కడ సర్దిచెప్పి పంపేస్తే ఇక దారిలేదని ఊరుకోవడం మన విశాఖలోనూ జరుగుతోంది. ఇది చాలా బాధాకరం. 2005 నాటి గృహహింస చట్టం కింద ఎఫ్‌ఐఆర్ లేకున్నా నేరుగా మేజిస్ట్రేట్ కోర్టుకు దరఖాస్తు చేయవచ్చు. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ద్వారానైనా పంపవచ్చు.

దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లాలి. ‘మెట్ల మీద జారిపడ్డాను’ అంటే రికార్డులో అదే ఉంటుంది, రేపు కోర్టులో అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఎవరు, దేనితో కొట్టారో చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు, కోర్టుకు పనికొచ్చే వైద్య రికార్డుగా రాయించాలి.

అత్తవారిల్లు శ్రీకాకుళమైనా, గాజువాకలో పుట్టింట్లో ఉంటే ఇక్కడే కేసు వేయవచ్చు. దరఖాస్తులో రక్షణ ఒక్కటే అడిగి వదిలేయడం మామూలు పొరపాటు. నివాసం, భరణం, పిల్లల కస్టడీ, పరిహారం విడివిడిగా కోరాలి. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే నివాస హక్కు అడగవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా వాయిదాలు పడుతూనే ఉంటాయి. అందుకే మొదటి రోజే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వులు, అంటే తుది తీర్పు వచ్చేలోపు అమలయ్యే ఆదేశాలు కోరాలి.

ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇచ్చేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. ఫోన్ 15100. అత్యవసరమైతే 112, సలహాకు, ఆశ్రయానికి 181.

ఈ హక్కులు బాధితురాలికి చెప్పడం సెక్షన్ 5 ప్రకారం పోలీసుల బాధ్యత. ప్రతి స్టేషన్‌లో, వార్డు సచివాలయంలో రక్షణాధికారి ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలని కలెక్టరు, పోలీస్ కమిషనర్లను కోరుతున్నాం.

– న్యాయ సహాయ కార్యకర్తలు, విశాఖపట్నం