తేదీ మార్చింది ఎవరు, శిక్ష ఎవరికి?

ఎడిటర్ గారికి,

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మా విజయవాడలో వీధికి నాలుగుంటాయి, అందుకే అక్కడి ప్రైమరీల (పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాల్లో జరిపే ఎన్నికల) గొడవ ఇక్కడా చర్చే. 2008లో ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాలు పార్టీలు పెట్టిన నిబంధన ప్రకారం ఫిబ్రవరి 5 దాకా ఆగకుండా జనవరిలోనే ప్రైమరీలు పెట్టేశాయని డెమొక్రటిక్ పార్టీ అక్కడి డెలిగేట్ల (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల) ఓట్లన్నీ రద్దు చేసింది, రిపబ్లికన్లు సగమే కోశారు. ఫ్లోరిడాలో ఆ తేదీ చట్టం చేసింది రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న శాసనసభ, దెబ్బ మాత్రం వెళ్లి ఓటేసి వచ్చిన డెమొక్రాట్లకి! మిషిగన్‌లో అయితే బ్యాలెట్‌లో డెమొక్రటిక్ పోటీలో ఉన్న ఒబామా పేరే లేదు, ఆ ఫలితాన్ని ఏ లెక్కన తీసుకోవాలి? చివరికి మే 31న డెలిగేటుకి అర ఓటు ఇచ్చారు, ఆగస్టు మహాసభ నాటికి పూర్తి ఓటూ ఇచ్చేశారు. ఈ మాత్రం దానికి అన్ని నెలల టెన్షన్ ఎందుకండీ? ఓటర్ల జోలికి పోకుండా, ఆ తేదీకి చెయ్యెత్తిన నాయకులకే మహాసభలో సీటు లేకుండా చేస్తే సరిపోయేది.

ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ