వార్షిక నివేదిక: మెరిట్ స్కాలర్‌షిప్ కబురు కోసం ఎదురుచూసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో ఎక్కువ సమయం తీసుకున్నది, మన ఇళ్లలో ఎక్కువ చర్చకు వచ్చింది ఒకటే విషయం. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు రావాల్సిన మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిందా, వస్తుందా, ఎప్పుడొస్తుంది? అందుకే మిగతా కార్యక్రమాలను చివర్లో క్లుప్తంగా చెప్పి, దీని గురించే ముందుగా, వివరంగా రాస్తున్నాం.

"సార్, మావాడిది ఏమైనా తెలిసిందా?" కార్యవర్గ సభ్యులకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్నే. ఒక తల్లి మాత్రం ఇంకో రకంగా అడిగారు: "డబ్బు ఆలస్యమైతే ఎలాగోలా సర్దుకుంటామండీ. అసలు వస్తుందో రాదో చెప్పండి, ఆ టెన్షన్ తగ్గుతుంది." ఈ ఏడాది మాకు అర్థమైన సంగతి సరిగ్గా అదే. తల్లిదండ్రులను ఎక్కువగా బాధపెడుతున్నది ఆలస్యం కాదు, దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియకపోవడం. ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. తెలియనప్పుడు బడిలో అడిగితే బ్యాంకుకు వెళ్లమంటారు, బ్యాంకులో అడిగితే బడికి వెళ్లమంటారు. కూలి మానుకుని తిరిగిన రోజులకు ఎవరూ లెక్క కట్టరు.

కాబట్టి ఆదివారాలు సంఘం ఆఫీసులో కూర్చుని, వచ్చిన ప్రతి కుటుంబం దరఖాస్తూ ఏ దశలో ఉందో వాళ్ల ఎదుటే చూసి చెప్పే పని పెట్టుకున్నాం. ఆ అనుభవంలో తెలిసినవి సభ్యులందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

ఎనిమిదో తరగతి పిల్లలు: ఎన్‌ఎంఎంఎస్

ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఈ పరీక్ష (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) రాస్తారు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, అంటే నెలకు వెయ్యి చొప్పున వస్తుంది. 2008లో పథకం మొదలైనప్పుడు ఏడాదికి 6,000 ఉండేది, 2017 ఏప్రిల్ నుంచి 12,000 చేశారు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి ఏటా లక్ష కొత్త స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921.

ఈ వాటా సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పరీక్ష మొత్తం 180 మార్కులకు ఉంటుంది. మెంటల్ ఎబిలిటీకి 90, సబ్జెక్టులకు 90. రెండూ కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 32 శాతం తెచ్చుకుంటే అర్హత సాధించినట్టు. అర్హత వచ్చిందంటే స్కాలర్‌షిప్ వచ్చినట్టేనని ఇంట్లో అందరూ సంతోషపడతారు, చుట్టాలకు చెప్పుకుంటారు. కానీ అసలు ఎంపిక ఆ తర్వాతే, ఉన్న సీట్లకు మెరిట్, రిజర్వేషన్ ప్రకారం జరుగుతుంది. మంచి మార్కులు వచ్చీ జాబితాలో పేరు లేని పిల్లలు మన దగ్గరా ఉన్నారు. వాళ్లు తక్కువ చదివినవాళ్లు కాదని, ఉన్న సీట్లే తక్కువని ఆ పిల్లలకు పెద్దవాళ్లే చెప్పాలి.

జాబితాలో పేరు వచ్చినవాళ్లకు కూడా పని అక్కడితో అయిపోదు. తొమ్మిదో తరగతిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. అంతకుముందు అదే పోర్టల్‌లో ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. ఆ తర్వాత బడిలో ఈ పని చూసే నోడల్ అధికారి వెరిఫై చేయాలి, ఆయన తర్వాత జిల్లా నోడల్ అధికారి చేయాలి. ఈ రెండింటిలో ఏది గడువులోపు జరగకపోయినా ఆ ఏడాది డబ్బు రాదు. ఒక బడిలో పిల్లలు దరఖాస్తులు సకాలంలోనే పెట్టారు, బడి వైపు వెరిఫికేషన్ మాత్రం చివరి రోజుల దాకా కాలేదు. మన సభ్యులు వెళ్లి, కూర్చుని, అయ్యేదాకా చూసి వచ్చారు. హెడ్‌మాస్టారు కూడా ఓపిగ్గా సహకరించారు. ఆయనకు ఒకేసారి ఎన్ని పోర్టళ్లు, ఎన్ని లాగిన్లు చూసుకోవాల్సి వస్తోందో దగ్గర నుంచి చూశాం.

ఇంకో పెద్ద చిక్కు మొబైల్ నంబరుది. దరఖాస్తు నెట్ సెంటర్‌లో పెట్టించినప్పుడు కొన్ని చోట్ల ఆ సెంటర్ వాళ్ల నంబరే ఇచ్చేశారు. దరఖాస్తులో లోపం ఉందని, సరిచేసి మళ్లీ పంపమని వెనక్కి వచ్చిన మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోయిందో ఎవరికీ తెలియదు. సరిచేసుకునే గడువు దాటిపోయాక విషయం బయటపడింది. దయచేసి మీ నంబరే ఇవ్వండి, ఆ నంబరు మార్చకండి.

పదో తరగతి తర్వాత ఏమవుతుంది?

ఇది ప్రతి ఇంట్లోనూ ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. ఎన్‌ఎంఎంఎస్ కొనసాగాలంటే పిల్లలు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ సంస్థల్లోనే చదవాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఆగిపోతుంది. హాస్టల్ వసతితో నడిచే ప్రభుత్వ రెసిడెన్షియల్ విద్యాసంస్థల్లో చేరినా అంతే. పాలిటెక్నిక్ డిప్లొమాకు కూడా ఇది వర్తించదు. మన రాష్ట్రాల్లో పది పాసైన మంచి మార్కుల పిల్లలు ఎక్కువగా వెళ్లేది ఈ మూడు చోట్లకే. వెళ్లకూడదని మేం చెప్పడం లేదు. పిల్లలకు ఏది మంచిదో అదే చేయండి. కానీ చేరిన తర్వాత కూడా ఇంటర్ మొదటి ఏడాది డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలను ఈ ఏడాది చూశాం. అడ్మిషన్ రోజే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్లకు ఆ ఎదురుచూపు ఉండేది కాదు.

రెన్యువల్‌కు మార్కుల నిబంధన కూడా ఉంది. పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఐదు శాతం సడలింపు ఉంటుంది. మొదటి ప్రయత్నంలోనే పాస్ కావాలి. రెన్యువల్ దానంతట అదే జరగదు, ఏటా మళ్లీ పెట్టుకోవాల్సిందే.

పేరు, పాస్‌బుక్, ఆధార్

ప్లాస్టిక్ కవరులో కాగితాలన్నీ పెట్టుకుని వచ్చిన ఒక తండ్రి కేసు ఇక్కడ చెప్పాలి. దరఖాస్తు రెండు చోట్లా వెరిఫై అయింది, ఎంపికైంది, డబ్బు విడుదలైనట్టు కనిపిస్తోంది. పాస్‌బుక్‌లో మాత్రం ఒక్క ఎంట్రీ లేదు. బ్యాంకుకు వెళ్తే ఆధార్ లింక్ అయ్యే ఉందన్నారట. కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, పాప పేరు మీద ఇంకో బ్యాంకులో కూడా తర్వాత ఒక ఖాతా తీశారు, అక్కడా ఆధార్ ఇచ్చారు. నేరుగా ఖాతాలో వేసే ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా వచ్చినప్పుడు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో రాసి ఉండే జాబితాలో) చివరగా ఏ బ్యాంకు నమోదైతే ఆ బ్యాంకుకే పోతుంది. రెండో పాస్‌బుక్ ప్రింట్ చేయించి చూస్తే డబ్బు ఎప్పుడో పడి ఉంది. ఆయన అక్కడే కుర్చీలో కూర్చుండిపోయి, ముందు భార్యకు ఫోన్ చేశారు.

ఖాతాకు ఆధార్ ఇవ్వడం, డీబీటీ (నేరుగా ఖాతాలో పడే ప్రభుత్వ డబ్బు) కోసం ఆధార్ సీడింగ్, అంటే ఆ జాబితాలో బ్యాంకును నమోదు చేయించడం, రెండూ వేరు. ఒక ఆధార్‌కు ఒకసారి ఒకే బ్యాంకు సీడ్ అయి ఉంటుంది. ఏ బ్యాంకు ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. బ్యాంకుకు వెళ్లే ముందు అది చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

పేర్ల విషయం కూడా అంతే. బడి రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. మనుషులకు తెలుసు అది ఒకే పాప అని. కంప్యూటర్‌కు తెలియదు. ఎనిమిదో తరగతిలో పరీక్షకు ఫీజు కట్టేముందే మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫలితాలు వచ్చాక మార్చుకుందామంటే గడువు సరిపోదు.

జీరో బ్యాలెన్స్ ఖాతా వాడకపోతే ఆగిపోతుందేమోనని కొందరు అడిగారు. స్కాలర్‌షిప్ కోసం తీసిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లు లావాదేవీలు లేవన్న కారణంతో నిలిపివేసిన ఖాతాల్లో చేర్చకూడదని రిజర్వ్ బ్యాంక్ 2024 జనవరి 1న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. అది అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సర్క్యులర్ ప్రింట్ సంఘం ఆఫీసులో ఉంచాం, అవసరమైనవాళ్లు తీసుకెళ్లండి. అయితే పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు మైనర్ ఖాతాకు కొత్తగా కేవైసీ ఇవ్వాల్సి ఉంటుంది. అది చేయక ఖాతా ఆగినవాళ్లు ఉన్నారు.

ఇంటర్ తర్వాత

ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి డిగ్రీలో చేరిన పిల్లలకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 82,000 వరకు కొత్తవి ఇస్తారు, వాటిలో సగం ఆడపిల్లలకు. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. బోర్డులో పాసైనవాళ్లలో మార్కుల వరుసలో మొదటి ఇరవై శాతంలో ఉన్నవాళ్లే అర్హులు. సీట్లను సైన్స్, కామర్స్, ఆర్ట్స్ గ్రూపులకు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. అందువల్ల సైన్స్ చదివిన ఒక అబ్బాయికి రానిది, అతనికంటే తక్కువ మార్కులున్న కామర్స్ అమ్మాయికి రావచ్చు. దీనిమీద మన సభ్యుల మధ్యే కొంత మాట పట్టింపు వచ్చింది. నిబంధన చదివి వినిపించాక సర్దుకుంది.

దీనిలో మన రాష్ట్రాల వాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది. వేరే ఏ స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నవాళ్లకు ఇది రాదు. రెండింటికీ పెట్టుకుని, ఏదో ఒకటి వస్తుందిలే అని ఎదురుచూస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కాలేజీ ఫీజు ఎంత, ఏది తీసుకుంటే మేలు అన్నది ముందే లెక్క వేసుకోండి. ఇంజనీరింగ్ పిల్లలకు చాలాసార్లు ఫీజు రీయింబర్స్‌మెంటే ఎక్కువ మేలు చేస్తుందని మా అభిప్రాయం. ఫీజు తక్కువ ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చేరినవాళ్లకు మెరిట్ స్కాలర్‌షిప్ ఉపయోగం. వచ్చినవాళ్లు ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే రెన్యువల్ చేసుకోగలరు.

ఎన్‌టీఎస్‌ఈ (నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్ష) గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ పథకానికి ఆమోదం 2021 మార్చి 31 వరకే ఉందని, తదుపరి ఉత్తర్వుల వరకు ఆపేశామని ఎన్‌సీఈఆర్‌టీ ప్రకటించింది. దాని పేరుతో కోచింగ్ ఫీజు అడిగితే కట్టే ముందు ఆలోచించండి.

ఆఫీసులకు రాసినవి

ఏ దశలో ఏ కారణంతో ఆగిందో తెలుగులో ఒక్క మెసేజ్ తల్లిదండ్రులకు పంపాలని, ఎంపికైన పిల్లల దరఖాస్తుల స్థితిని బడి నోటీసు బోర్డులో పెట్టాలని వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నారు, జవాబు ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాం. ఇది పెద్ద ఖర్చుతో కూడిన కోరిక కాదు. పగలంతా పనికి పోయే మనిషికి ఇంగ్లీషు పోర్టల్ తెరిచి చూడమనడం కంటే ఇది ఎంతో సులువు.

కొన్ని దరఖాస్తుల విషయంలో సమాచార హక్కు చట్టం కింద అడగాల్సి వచ్చింది. సంఘం పేరుతో కాకుండా పౌరుడిగా ఒక మనిషి పేరుతోనే అడగాలి కాబట్టి తల్లిదండ్రులే సంతకాలు పెట్టారు. తెలుగులో రాసుకోవచ్చు. కేంద్ర కార్యాలయాలకు పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఎనిమిదో తరగతి దాటని ఒక అమ్మ తన చేత్తోనే అరపేజీ రాశారు: "మా అబ్బాయి దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?" ఇంతకంటే బాగా మేమూ రాయలేం. మిగతావాళ్లకు దాన్నే నమూనాగా ఇస్తున్నాం.

మిగతా పనులు

పాత పుస్తకాల మార్పిడి ఎప్పటిలాగే జరిగింది. మార్కులు తెచ్చుకున్న పిల్లల అభినందన సభ కూడా చేశాం. ఇకపై ఆ సభలో శాలువాలు, మెమెంటోలు మానేసి, ఆ డబ్బుతో ఆదాయ ధ్రువపత్రాలు, ప్రింట్లు, దరఖాస్తు ఖర్చులు భరించాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

ఇళ్లలో ఒక మాట. స్కాలర్‌షిప్ రాలేదన్న దిగులుతో పిల్లల ఎదుట రోజూ అదే చర్చ పెట్టకండి. తన వల్లే ఇంట్లో ఇబ్బంది అనుకుని చదువు మీద మనసు పెట్టలేకపోతున్నానని ఒక పదో తరగతి అమ్మాయి మా సభ్యురాలితో చెప్పుకుంది. ఆ అమ్మాయి దరఖాస్తు బడి దగ్గర ఆగి ఉండటం తప్ప ఆమె వైపు నుంచి లోపమేమీ లేదు.

వచ్చే ఏడాది ఎనిమిదో తరగతిలోకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు బడులు తెరవగానే ఆధార్, పాస్‌బుక్, బడి రికార్డు నకలు తీసుకుని ఏ ఆదివారమైనా ఆఫీసుకు రండి. రెన్యువల్ ఉన్నవాళ్లు ఓటీఆర్ నంబరు, మార్కుల మెమో తెచ్చుకోండి. కంప్యూటర్ తెలిసిన యువ సభ్యులు ఇద్దరు ముగ్గురు అదనంగా కావాలి. పేరు ఇవ్వదలచినవాళ్లు కార్యదర్శికి చెప్పండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి