వార్షిక నివేదిక: పావుమైలు చీటీలు, పాత మజిల్ కార్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమెరికాలో 1960లు, 70లలో వారాంతపు డ్రాగ్ రేసుల్లో (నిలిచినచోటి నుంచి తిన్నగా పావుమైలు పరుగు పందేలు) సొంత మజిల్ కార్లు (పెద్ద ఇంజిన్ ఉన్న వేగమైన కార్లు) పరుగెత్తించిన ఔత్సాహికుల జ్ఞాపకాలు సేకరించడమే ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమం. ఏళ్లు గడిచేకొద్దీ నోటిమాటలో కారు వేగం పెరుగుతుంది కాబట్టి, ప్రతి జ్ఞాపకంతోపాటు వీలైతే టైమ్ స్లిప్ (పరుగు సమయం, వేగం అచ్చువేసి ట్రాక్‌వాళ్లిచ్చే చీటీ) కూడా అడిగి తీసుకున్నాం.

చీటీ చదవడం తెలిస్తే కారు ఎలా నడిచిందో తెలిసిపోతుంది. పావుమైలుకు, అంటే 1320 అడుగులకు, పట్టిన సమయం టైర్ల పట్టుమీద బాగా ఆధారపడుతుంది. చివరి వేగం మాత్రం ఇంజిన్ బలాన్ని చెబుతుంది. ఉదాహరణకు 14.6 సెకన్లు, గంటకు 98 మైళ్లు అని ఉంటే ఇంజిన్‌లో లోపం వెతకనక్కర్లేదు, బయలుదేరిన మొదటి 60 అడుగులకు పట్టిన సమయం చూడాలి. అక్కడ 2.4 ఉన్నదాన్ని 2.1కి తెస్తే మొత్తంమీద సుమారు 0.45 సెకను కలిసొస్తుంది.

హార్స్‌పవర్ అంకెల దగ్గర చాలామంది పొరబడుతున్నారు. షెవ్రొలే వారి షెవెల్ కారులోని ఎల్ఎస్5 454 ఇంజిన్‌కు 1971లో 365 అని, 1972లో 270 అని ప్రకటించారు. ఇంజిన్ అంతగా బలహీనపడిందని కాదు. గ్రాస్ కొలత (ఇంజిన్‌ను విడిగా పెట్టి కొలిచింది) పోయి నెట్ కొలత (కారులో ఉన్నట్టే అన్ని భాగాలతో కొలిచింది) వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

వర్క్‌షాపులో ఎక్కువ సేపు తీసుకున్నది జనరల్ మోటార్స్ (జీఎం) వీ8 ఇంజిన్ల పాయింట్స్ సర్దుబాటు. పాయింట్స్ అంటే స్పార్క్ కోసం డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే స్విచ్చు. పాయింట్స్‌లోని రుద్దుడు దిమ్మె అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ (పాయింట్స్ మూసి ఉండే కోణం) పెరుగుతుంది, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి జారుతుంది. కారు మందగించిందని కార్బురేటర్ విప్పుతారు కానీ, చాలావరకు అసలు కారణం ఇదే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా డిస్ట్రిబ్యూటర్ మూతకున్న చిన్న కిటికీ పైకెత్తి, లోపలి సర్దుబాటు స్క్రూలో 1/8 అంగుళం అలెన్ కీ పెట్టి, ఇంజిన్ తడబడేదాకా కుడివైపు తిప్పాలి. అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి. డ్వెల్ మీటరుంటే 30 డిగ్రీలు చూసుకోవాలి. డ్వెల్ సరిచేశాకే టైమింగ్. ఈ వరస తిరగబడితే చేసిన పని మళ్లీ చేయాలి, ఎందుకంటే డ్వెల్ కదిలితే టైమింగ్ కూడా కదులుతుంది.

వీటిలో చాలా కార్లకు లైనులో నిలబడ్డప్పుడే పెట్రోలు ఆవిరై పంపు పట్టు తప్పుతుంది. వంతు వచ్చేవరకు బానెట్ ఎత్తి ఉంచండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు చీలతాయి, తప్పక మార్చండి. మామూలు రోడ్డు టైర్లయితే, రేసు టైర్లను తడిపి తిప్పి వేడిచేయడానికి స్టార్టింగ్ గీతకు ముందుండే నీళ్ల గుంటను పక్కనుంచి దాటండి: ట్రెడ్‌లో ఇరుక్కున్న నీరు స్టార్టింగ్ గీత దగ్గరే కారుతుంది.

కాయిల్ స్ప్రింగు కార్లలో బయలుదేరేటప్పుడు కుడి వెనుక చక్రం తేలిపోయి తిరుగుతుంది. కుడి స్ప్రింగులో గాలి సంచి పెట్టడం చవకైన, నమ్మకమైన మందు.

రేసుకు ముందు జరిగే తనిఖీలో కార్లు ఎక్కువగా ఆగిపోయేది చిన్న లోపాలకే: బ్యాటరీ సరిగ్గా బిగించకపోవడం, థ్రాటిల్‌కు ఒకే స్ప్రింగు ఉండటం, కూలెంట్ పొంగితే పట్టే డబ్బా లేకపోవడం. 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా నడిచే కారులో హెల్మెట్ తప్పనిసరి.

వచ్చే ఏడాది చీటీలిచ్చే సభ్యులు చీటీ వెనుకవైపున టైరు గాలి, వెనుక యాక్సిల్ నిష్పత్తి, టైమింగ్ డిగ్రీలు, ఆనాటి ఉష్ణోగ్రత పెన్సిల్‌తో రాసివ్వగలరు. పెన్నుతో వద్దు, పాత కాగితానికి సిరా అవతలికి దిగుతుంది.