ఉచితంగా తెచ్చుకున్న కోడ్‌కూ లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి,

ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోగల కోడ్) అంటే కంపెనీలు జంకే రోజులు పోయాయి. 2001లో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది స్టీవ్ బామర్ నడిపిన మైక్రోసాఫ్ట్. అదే మైక్రోసాఫ్ట్ 2018లో 750 కోట్ల డాలర్లు పెట్టి, అలాంటి కోడ్‌ను పంచుకునే వేదిక గిట్‌హబ్‌ను కొనుక్కుంది. హైదరాబాద్‌లో అయినా విశాఖలో అయినా నలుగురు పంచిపెట్టిన కోడ్ వాడకుండా యాప్ తయారుచేసే వాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. చిక్కేమిటంటే, మన మార్పు తెచ్చుకోవడం దగ్గరే ఆగిపోయింది. ఏం తెచ్చుకున్నామో రాసిపెట్టుకునే అలవాటు ఇంకా రాలేదు.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే (ప్రోగ్రాంలో జరిగేవాటిని లాగ్ అనే చిట్టాలో రాసిపెట్టే ఓపెన్ సోర్స్ కోడ్) లోపం బయటపడ్డప్పుడు దీని ఫలితం చూశాం. లాగిన్ పెట్టెలో ఎవడో కొట్టిన ఒక వింత అక్షరాల వరుసను లాగ్‌లో రాసుకోబోయి, ఆ వరుసలో పేరున్న సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపేసే లోపం అది. 'మా దగ్గర ఆ ఫైలే లేదు' అన్నవాళ్లు ఎందరో. ఫైలు పేరుతో వెతికితే దొరకదు మరి! జావా కోడ్‌ను మూటకట్టే జార్ ఫైలు లోపల ఇంకో జార్‌లో అది దాక్కుని ఉంటుంది. పైగా మొదట వచ్చిన సవరణ వెర్షన్ 2.15.0 సరిపోలేదు. ఆ నెలలోనే 2.16.0, 2.17.0, 2.17.1 వరుసగా వచ్చాయి. అసలు ప్రాజెక్టుకు పంపకుండా కోడ్‌ను సొంతంగా మార్చుకుని వాడుతున్నవాళ్లు ప్రతిసారీ ఆ మార్పులన్నీ మళ్లీ కలుపుకోవాల్సిందే. సవరణను వెనక్కి పంపడం దానధర్మమేమీ కాదు, మన పని తగ్గించుకోవడమే.

తెచ్చుకున్న కోడ్ గురించి ఎక్సెల్‌లో ఒకసారి రాసిపెట్టిన జాబితా నెల తిరక్కుండానే పాతబడుతుంది. మనం కలిపేది పది ప్యాకేజీలైతే (తయారుగా దొరికే కోడ్ మూటలు), వాటి వెంట వందలు వస్తాయి. అందుకే బిల్డ్ అయిన (కోడ్ నడిచే ప్రోగ్రాంగా మారిన) ప్రతిసారీ జాబితా దానంతటదే తయారవ్వాలి. సిఫ్ట్, ట్రివీ లాంటి ఉచిత పనిముట్లు ఆ పని చేసిపెడతాయి. పేరు, వెర్షన్, లైసెన్స్ తప్పనిసరిగా ఉండాలి. లైసెన్స్ గడిని ఎవరూ చదవరు, అసలు ప్రమాదం అక్కడే. ఎంఐటీ, అపాచీ లైసెన్సులైతే కాపీరైట్ నోటీసు ఉంచితే దాదాపు సరిపోతుంది. జీపీఎల్ లైసెన్స్ ఉన్న కోడ్‌ను పరికరంలో పెట్టి అమ్మితే, కొన్నవాళ్లకు సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) ఇవ్వాలి. ఏజీపీఎల్ లైసెన్స్ ఉన్న కోడ్‌ను మార్చి సర్వర్ మీద నడిపినా, దాన్ని వాడేవాళ్లకు సోర్స్ అందుబాటులో ఉంచాలి.

కొత్త వెర్షన్ రాగానే ఎగబడటమూ మంచిది కాదు. 2024లో ఫైళ్లను కుదించే పనిముట్టు ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి ఒకడు దొంగదారి చొప్పించాడు. దూరంలో ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే అది బయటపడింది. భద్రతా సవరణలు వెంటనే వేసుకోవాలి, మిగతావి కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.

సవరణలను అసలు ప్రాజెక్టుకు వెనక్కి పంపాలన్న మనసున్నా ఇంజనీర్లు వెనకాడటానికి కారణం వాళ్ల నియామక ఒప్పందమే. రాసిన ప్రతి అక్షరమూ కంపెనీదే అని అందులో ఉంటుంది. ఏ రకం సవరణలు అడక్కుండా పంపొచ్చో యాజమాన్యం ఒక పేజీలో రాసిస్తే చాలు. పంపేముందు పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల వివరాలు తీసేయాలి. ఒకవేళ పాస్‌వర్డ్ పొరపాటున వెళ్లిపోతే, ఆ లైను చెరిపేస్తే కుదరదు, కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డే మార్చాలి.

ఈ జాబితాల గురించి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలూ టెండర్లలో జాబితా ఇవ్వాలన్న షరతు కచ్చితంగా పెట్టాలి. జాబితాను టెండరు కాగితాలతో ఒకసారి తీసుకుని బీరువాలో పెట్టకుండా, డెలివరీ ఇచ్చిన ప్రతిసారీ కొత్తది అడగాలి. అది ఇచ్చాకే బిల్లు మంజూరు చేయాలి.

– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్