ఆపరేటర్ పోకముందే

మిర్యాలగూడ

బిడ్డా,

వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి బియ్యం చేసే మీ బాయిల్డ్ మిల్లు ఆపరేటర్ వచ్చే ఉగాదికి పని మానుకుంటాడని, తెలిసిందంతా రాయమని ఆయనకు నోట్‌బుక్ ఇచ్చానని రాశావు. ఆ పుస్తకం ఖాళీగానే ఉంటుంది తల్లీ. రోజూ చేసే పనిని చెప్పాల్సిన విద్య అని ఆయన అనుకోడు. నువ్వే పక్కన నిలబడి అడగాలి.

"ఎట్ల నానబెడతావు?" అని అడిగితే 70 డిగ్రీల నీళ్లలో మూడున్నర గంటలు అంటాడు. అది ఎవరైనా చెప్తారు. ఆయన వాల్వు తిప్పగానే అడుగు: "ఇప్పుడే ఎందుకు తిప్పినవన్నా, ఏం చూసినవు?" పిడికెడు వడ్లు తీసి, గింజను గోటితో విరిచి చూస్తాడు. నడుమ తెల్లటి చుక్క కనపడితే నీళ్లు ఇంకా లోపలికి పోలేదు. ఆవిరి పట్టాక పొట్టు సన్నగా నోరు తెరిస్తే చాలు, పూర్తిగా విచ్చుకుంటే ఉడుకు ఎక్కువైనట్టు. ఈ రెండు గుర్తులనూ ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసిపెట్టు. "కొంచెం విచ్చుకోవాలె" అని రాస్తే కొత్త పిల్లాడికి ఏం తెలుస్తుంది?

డ్రయర్ దగ్గర ఎక్కువసేపు ఉండు. తేమ 18 శాతం దగ్గరికి రాగానే ఆపి, వడ్లను కొన్ని గంటలు బిన్నులో ఉంచి, తర్వాత 14కు దించాలి. కొత్తవాళ్లకు ఆ ఆగుడు దండగ అనిపించి, ఒకే ఊపున ఆరబెడతారు. పైన ఎండి లోపల తడి ఉన్న గింజ పగులుతుంది. పగులు అప్పుడు కనపడదు, మరపట్టినంక నూకలై బయటపడుతుంది. ఇక పొట్టు తీసే రబ్బరు రోలర్లను తిడతారు. అందుకే కాగితంలో ప్రతి పని పక్కన కారణం కూడా రాయి.

మిషనుకు ఒక్క కాగితం, అదీ లామినేషన్ చేయించి మిషను పక్కనే వేలాడదీయి. ఆఫీసు బీరువాలో పెడితే ఎవరికీ అక్కరకు రాదు. హిందీ పిల్లలకు ఆ మాటలే హిందీలో ఫోన్‌లో రికార్డు చేయించు. తర్వాత ఆయన ముందే కొత్తవాడితో కాగితం చూసి ఒక లాటు తీయించు. ఆయన నోరు మెదపొద్దు. పిల్లాడు ఎక్కడ ఆగి తల గోక్కుంటే అక్కడ కాగితంలో లోటున్నట్టు, వెంటనే దిద్దు. బాయిలర్‌ను మాత్రం కాగితం నమ్ముకొని ఇవ్వకు, సర్టిఫికెట్ ఉన్నవాడే నడపాలి.

చెప్పేస్తే తన విలువ పోతుందని ఆయనకు బెరుకుంటుంది. ప్రతి కాగితం కింద ఆయన పేరు రాయించు, నేర్పినందుకు జీతం కాక వేరే డబ్బులివ్వు.

ఇంకొకటి, ఉగాదికి పోతే యాసంగి వడ్లు మిల్లుకు రాకముందే పోయినట్టు. ఎండకు పండిన ఆ గింజ విరిగే తీరే వేరు, వానాకాలం లెక్కలు దానికి పనికిరావు. మే నెల దాకా ఉండమని ఇప్పుడే అడుగు. ఒప్పుకోకపోతే, యాసంగి లాటు వచ్చిన నాలుగు రోజులైనా ఆటో కిరాయిచ్చి పిలిపించుకో.

నాయిన