బ్యాటరీని ట్యూబుతో కడతారట్రా?

అజ్మాన్,
మే 20

తమ్ముడూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటోలు చూశాను. పడవకి కొత్త రంగు బాగా కుదిరింది, ముందు అణియం మీద నరసింహస్వామి నామాలు ఇంకా బావున్నాయి, ఎవరు వేశార్రా? కానీ నాలుగో ఫోటో దగ్గర ఆగిపోయాను. వెనక అమరం వైపు పలక కింద కొత్త బ్యాటరీ, దాని చుట్టూ రెండు వరసలు సైకిల్ ట్యూబు, ట్యూబు చాలక పైన నైలాన్ తాడు, పక్కనే డీజిల్ క్యాను, ఆ క్యాను మీద నాన్న బీడీ కట్ట. పెద్దది చేసి చూస్తే అగ్గిపెట్టె కూడా కనబడింది.

ఫోన్లో చెబితే నువ్వు "సరే అన్నయ్యా, సరే అన్నయ్యా" అని పెట్టేస్తావు, నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎలాగూ జూన్ 14 దాకా వేట నిషేధం, పడవ పల్లిపాలెం ఒడ్డునే ఉంటుంది. చేస్తే ఈ రోజుల్లోనే చెయ్యాలి, 15 తెల్లవారుజామున ఐసూ డీజిలూ మోసే హడావిడిలో ఇదెవరికీ గుర్తుండదు.

మిగతాదంతా తర్వాత, ముందు ఒక పని చెప్తాను, అది ఇవాళే చెయ్యి. సోలార్ ప్యానెల్ వైర్లు తిన్నగా బ్యాటరీ మీదికి తెచ్చి చుట్టేశారు, మధ్యలో ఛార్జింగుని అదుపు చేసే కంట్రోలర్ లేదు. ఖాళీగా చూస్తే ఆ వంద వాట్ల ప్యానెల్ 20 వోల్టులు దాటి ఇస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగు 14.4 వోల్టుల దగ్గర ఆపాలి. వేట ఉన్న రోజుల్లో లైట్లూ జీపీఎస్సూ వైర్‌లెస్సూ కరెంటు లాగేస్తాయి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు వాడకం లేదు, పైన చూస్తే రోళ్లు పగిలే ఎండ, పొద్దున్నించి సాయంత్రం దాకా ప్యానెల్ దాన్ని ఉడికిస్తూనే ఉంటుంది. ఛార్జింగు ఎక్కువైతే లోపలి నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. అలాగని చదవగానే పరిగెత్తికెళ్లి వైరు పీకకు, పీకేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు వంతులుంటే అంటుకోవడానికి ఆ రవ్వ చాలు. ముందు ప్యానెల్ మీద టార్పాలిన్ కప్పు, పలక ఎత్తి అరగంట గాలి ఆడనివ్వు, అప్పుడు తియ్యి. ఆ అరగంటా నాన్న బీడీ పడవ దగ్గరికి రాకూడదు.

ఇంక కట్టడం సంగతి. అది వంద ఆంపియర్ అవర్ బ్యాటరీ, ముప్ఫై కిలోల దాకా బరువుంటుంది. ఒడ్డున పెడితే నలుగురు తోసినా కదలనట్టే ఉంటుంది కాబట్టి పడవలో కూడా కదలదనుకుంటాం. గోదారి సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు ఆ ముప్ఫై కిలోలు ఏం చేస్తాయో నేను ఒకసారి చూశాను. నువ్వప్పుడు ఏడో తరగతి, నీకు గుర్తుండదు. నాన్నా నేనూ తెల్లవారకుండానే తిరిగొస్తుంటే అంతర్వేది మొగ దగ్గర అల అడ్డంగా కొట్టింది. దబ్బుమని చప్పుడు, లైటు పోయింది, చీకట్లో ముక్కు మండే వాసన. బ్యాటరీ పక్కకి ఒరిగిపోయి మూతల్లోంచి యాసిడ్ కారి అడుగునున్న నీళ్లలో కలిసిపోయింది. నాన్న చుక్కాని వదల్లేడు, నేను అరిచేతులతో దాన్ని పట్టుకుని కూర్చున్నాను, వశిష్ఠలోకి వచ్చేదాకా చేతులు నది నీళ్లలో ముంచుతూనే ఉన్నాను. ఆ మధ్యాహ్నం అమ్మ నాన్న లుంగీ పిండుతుంటే బట్ట ముక్కలు ముక్కలుగా చేతిలోకొచ్చింది, "ఇదేంటయ్యా, చెదలు పట్టిందా" అంది. వల సంగతి ఇంకో వారానికి గానీ తెలియలేదు. పైకి బాగానే ఉండేది, లాగిన చోటల్లా పుటుక్కుమనేది. నైలాన్‌కి యాసిడ్ పడదురా, అప్పుడు మాకెవరికీ తెలీదు. ఇప్పుడు నువ్వు బ్యాటరీ మీద కట్టింది ఆ నైలానే. పైగా తడిస్తే సాగుతుంది. సైకిల్ ట్యూబు గురించి చెప్పనే అక్కర్లేదు, సాగడమే దాని పని, ఎండకీ ఉప్పుకీ ఆర్నెల్లలో పర్రెలు విచ్చుతుంది.

ఇక్కడ నేను పనిచేసే పడవల యార్డులో బ్యాటరీ బిగించాక ఫోర్‌మన్ వచ్చి పరీక్ష పెడతాడు. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ అని ఒక సంస్థ ఉంది, వాళ్ల లెక్క ప్రకారం తొంభై పౌండ్ల బలంతో, అంటే మన లెక్కలో 41 కిలోలు, ఒక నిమిషం పాటు లాగినా బ్యాటరీ 25 మిల్లీమీటర్లు మించి కదలకూడదు. ఎటు లాగినా, పైకి లాగినా అంతే. మొదట్లో నేను నవ్వుకున్నాను, పైకి ఎవడు లాగుతాడని. అల దిగేటప్పుడు పడవ కిందకి పోతుంది, బ్యాటరీ పోదు, అదే పైకి లాగడం. మన చేపలు తూచే కొక్కెం కాటా ఉంది కదా, దాన్ని పట్టీకి తగిలించి 41 చూపించేదాకా లాగు, నాలుగు వైపులా, పైకీ. బొటనవేలు వెడల్పు కన్నా ఎక్కువ జరిగిందంటే మళ్లీ కట్టాల్సిందే.

ఎలా బిగించాలంటే, ఇంజను పక్కనున్న ఆ అడ్డగోడకి ఆనించి మెరైన్ ప్లైవుడ్‌తో చిన్న పీట చెయ్యి. ఫైబర్ పనివాణ్ని పిలిచి ఫైబర్ మ్యాటూ రెసిన్ జిగురూ వేసి పడవకి అంటించమను, మేకులొద్దు. పడవ అడుగుకి మాత్రం స్క్రూలు దింపనివ్వకు, ఒక్కో స్క్రూ ఒక్కో బెజ్జం. పీట ఎత్తు ఎంతుండాలంటే, మీరు నీళ్లు తోడకుండా వదిలేసిన రోజున అడుగున ఎంత నిలుస్తాయో నీకే తెలుసు, దానికన్నా నాలుగు వేళ్లు పైకి. అంతకు మించి ఎత్తొద్దు, బరువు కిందుంటేనే పడవ తూగదు. ఉప్పునీళ్లు బ్యాటరీ లోపలికి పోతే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది, వెనకటి యుద్ధాల్లో జలాంతర్గాముల్లోని వాళ్లకి అదో పెద్ద భయం. పీట చుట్టూ రెండంగుళాల అంచు కట్టి, పైన లారీ సామాన్లు బిగించే పాలిస్టర్ బెల్టు వెయ్యి, రెండు చోట్ల. పాలిస్టర్ ఆ యాసిడ్‌ని తట్టుకుంటుంది. బెల్టు కొక్కేలకి స్టెయిన్‌లెస్ బోల్టులు, వెనక పెద్ద వాషర్లు.

పెట్టె గురించి. నాన్న పాత ఐసు పెట్టెలో పెట్టి మూత వేసేస్తే తడవదంటున్నాడని రాశావు. నాన్న తెలివికి దణ్ణం పెట్టాలి గానీ అది మాత్రం వద్దు. ఐసు పెట్టె గొప్పతనమే గాలి పోనివ్వకపోవడం, మనకి కావలసింది గాలి పోవడం. సీల్డు బ్యాటరీ కదా అని కొట్టువాడు అని ఉంటాడు, దానికీ చిన్న వాల్వు ఉంటుంది, ఛార్జింగు ఎక్కువైతే అందులోంచీ వస్తుంది. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలిక, తిన్నగా పైకి పోతుంది, వంటగ్యాసులాగా అడుగున కూర్చోదు. కాబట్టి మందపాటి ప్లాస్టిక్ పెట్టె తీసుకో, అడుగు నాలుగంగుళాల దాకా బెజ్జం లేకుండా ఉండాలి, యాసిడ్ కారినా అందులోనే ఆగుతుంది. ఆ పైన పక్కల్లో రెండు బెజ్జాలు గాలి లోపలికి రావడానికి, మూతకి బాగా పైన రెండు బెజ్జాలు బయటికి పోవడానికి. పైవాటికి చిన్న గొట్టం పెట్టి మూతి కిందికి వంచు, వాన లోపలికి పడదు, ఎక్కడా కిందికి జారకుండా వంపు దాకా గొట్టం ఎక్కుతూనే ఉండాలి. మూతని కూడా పట్టీతో బిగించాలి, లేకపోతే మొదటి వేటకే అది గోదారిపాలు.

ఇనప పెట్టె చేయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. యాసిడ్ తినేస్తుంది, పైగా ఇనుము రెండు టెర్మినళ్లకీ తగిలిందంటే ఏమవుతుందో నా దగ్గర సాక్ష్యం ఉంది. పోయినేడు పదమూడో నంబరు పానాతో ప్లస్ బిగిస్తున్నాను, పానా రెండో కొస ఇంజను బాడీకి తగిలింది. ఆ ఇంజనుకి మైనస్ కలిపి ఉంది. తెల్లటి వెలుగు, టప్ మని చప్పుడు, పానా అతుక్కుపోయి చెయ్యి వదిలేలోపే ఎర్రబడింది. ఇప్పటికీ నా టూల్‌బాక్సులో ఉంది, కొసన ఎలక కొరికినట్టు గాటు. ఆ ముందురోజే ఉంగరం బిగుతైందని సబ్బు రాసి తీశాను, లేకపోతే వేలు ఉండేది కాదు. ఇది అమ్మకి చదివి వినిపించకు. తప్పు నాదే, మైనస్ ముందు విప్పలేదు. విప్పేటప్పుడు మొదట మైనస్, కలిపేటప్పుడు చివర మైనస్. మైనస్ లేకపోతే పానా ఇంజనుకి తగిలినా కరెంటుకి తిరిగెళ్లే దారి ఉండదు. ప్లస్ మీద రబ్బరు టోపీ తొడుగు, లారీ ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. చేత్తో తిప్పే రెక్కల నట్లు తీసేసి మామూలు నట్లు వెయ్యి, ఇంజను అదురుకి అవి వదులైపోతాయి, వదులైన చోట వేడి పుడుతుంది.

ఫోటోలో నాకు ఫ్యూజు ఎక్కడా కనబడలేదు. వైర్‌లెస్ వెనక ఒకటి ఉంది అంటావు, అది వైర్‌లెస్‌ని కాపాడడానికి. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే మూడు మీటర్ల వైరుని కాపాడేదెవరు? పలక కింద ఎక్కడో ఒరుసుకుని తోలు లేచిందంటే ఆ వైరు మొత్తం పొయ్యిలో పుల్లలా ఎర్రబడుతుంది, పక్కన మీ డీజిల్ క్యాను. ఫ్యూజు ప్లస్ టెర్మినల్ నుంచి ఏడంగుళాల లోపే ఉండాలి, జానెడు కూడా కాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు, మీ లైట్లూ జీపీఎస్సూ వైర్‌లెస్సూ కలిపినా అంత లాగవు. కాలిపోతే వెండికాగితం చుట్టొద్దు. రెండు ఫ్యూజులు అదనంగా కొని నాన్న సంచిలో పడెయ్యి. ఫ్యూజు తర్వాత ఒక మెయిన్ స్విచ్, ఒడ్డుకి రాగానే ఆపేసేలా. అన్నట్టు ఆ డీజిల్ క్యాను రెండో పక్కకి మార్చు.

మీ ఫ్రెండు పాత స్కూటర్ లిథియం బ్యాటరీ సగం ధరకి ఇస్తానన్నాడని రాశావు. వద్దు. 2022లో స్కూటర్లు తగలబడ్డ వీడియోలు నువ్వే నాకు పంపావు. మంచి లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు వేరే ఉన్నాయి, బరువు సగం కన్నా తక్కువ, మామూలుగా హైడ్రోజన్ కూడా రాదు, కానీ దానికి తగ్గ బీఎంఎస్సూ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూటు) ఛార్జింగు సెట్టింగూ ఉండాలి. వచ్చే ఏడు నేను వచ్చినప్పుడు చూద్దాం.

కంట్రోలర్‌కీ బెల్టులకీ ఫ్యూజు సామానుకీ డబ్బులు రేపు వేస్తాను, నరసాపురంలో దొరక్కపోతే కాకినాడ వెళ్లు. నరసాపురానికి గోదారి మీద పంటు దాటి వెళ్లే పనే కదా అని వాయిదా వెయ్యకు. అప్పటిదాకా బ్యాటరీ ఇంటికి తెచ్చి వసారాలో పెట్టు, నెలకోసారి ఛార్జి చెయ్యి, లేకపోతే కొత్తదే లోపలి పలకలకి సల్ఫేట్ పట్టి చచ్చిపోతుంది. పిల్లలు దాని మీదెక్కకుండా చూడమని అమ్మకి చెప్పు. నాన్నతో మాత్రం నేను చెప్పానని అనకు, ఆయనకే తోచినట్టు నెమ్మదిగా మాటల్లో పెట్టు, ఐసు పెట్టె ఆలోచన కూడా ఆయనదే కదా.

పీట అయ్యాక ఫోటో పెట్టు, పక్కన నీ జానెడు చెయ్యి పెట్టి తియ్యి, నాకు కొలత తెలుస్తుంది. కాటా మీద 41 ఉన్నప్పుడు ఇంకోటి.

మీ అన్నయ్య