మైనారిటీ గురుకులాలకు వేసవిలో తాళాలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

వేసవి శిబిరాల మీద పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన కథనం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఈత, కరాటే, బొమ్మలు వేయడం అన్నీ రాశారు. రాత్రుళ్లు ఉండాల్సిన శిబిరాల్లో ముస్లిం పిల్లల సంగతేమిటన్న మాట ఒక్కటీ లేదు.

నిరుడు మా అబ్బాయిని అలాంటి ఒక ప్రైవేటు శిబిరానికి వారం రోజులు పంపాం. వాడికి పదకొండేళ్లు. హలాల్ కాకపోతే మాంసం తినడని, ఐదు పూటలా నమాజు చదువుతాడని ముందే చెప్పాం. "అదంతా మేం చూసుకుంటామమ్మా" అన్నారు. తీరా చూస్తే కోడికూర హలాలో కాదో వంటమనిషికే తెలియదు. వాడు పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి వుజూ (నమాజుకి ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) కోసం కుళాయి తిప్పితే వార్డెన్ వచ్చి "అర్ధరాత్రి ఈ చప్పుడేంటి, పడుకో" అని కసిరాడట. మర్నాటి నుంచి రాత్రే సీసాలో నీళ్లు పట్టి మంచం కింద పెట్టుకున్నాడు. చీకట్లో చప్పుడు కాకుండా వుజూ చేసుకుని, రెండు మంచాల మధ్య తువ్వాలు పరుచుకుని నమాజు చదివాడు. ఇంటికొచ్చాక కూడా ఆ సీసా నెల రోజులు మంచం కిందే ఉంది. ఎందుకురా అంటే "అలవాటైంది అమ్మీ" అన్నాడు.

మసీదుల్లో వేసవి తరగతులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే. ఖురాన్ చదవడం, దువాలు (ప్రార్థనలు) నేర్పుతారు. మధ్యాహ్నానికల్లా పిల్లలు ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటారు. తన పక్క తనే వేసుకోవడం, తన పళ్లెం తనే కడుక్కోవడం, ఫజర్‌కి, అంటే తెల్లవారుజాము నమాజుకి, ఒకరినొకరు లేపుకోవడం, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు అందరి ముందూ అజాన్ ఇవ్వడం, ఇవన్నీ కలిసి నాలుగు రాత్రులుంటేనే వస్తాయి. అమెరికాలో ముస్లిం యూత్ ఆఫ్ నార్త్ అమెరికా వాళ్లు 1980ల నుంచి ఇలాంటి శిబిరాలు నడుపుతున్నారు. ఇన్ని లక్షల మంది ముస్లింలున్న తెలంగాణకి ఇది చేతకాదా?

జాగా లేదనడానికి వీల్లేదు. 2016లో 71 బడులతో మొదలైన ప్రభుత్వ మైనారిటీ గురుకులాలు ఆ తర్వాత 204 అయ్యాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. పిల్లలు పడుకునే హాళ్లు, వంటగదులు అన్నీ ఖాళీ. మా పిల్లల శిబిరాలు అక్కడే పెట్టొచ్చు కదా. ఆడపిల్లలకు గురుకులాలు విడిగానే ఉన్నాయి. కూతుర్ని ఒక్క రాత్రి బయట ఉంచాలన్నా జంకే తల్లులం, ఆడ టీచర్లున్న చోటయితే ధైర్యంగా పంపుతాం. ఆ గురుకులాల్లో పాతిక శాతం సీట్లు ఇతర పిల్లలవి. వాళ్లూ రానీ, కలిసి ఆడుకోనీ. పాతబస్తీ పిల్లల్ని ఒక రోజు వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తీసుకెళ్లండి. మూసీ అంటే ముక్కు మూసుకోవడమే తెలిసిన పిల్లలు, అది పుట్టే కొండలు చూస్తారు.

ఇదే అర్జీ పట్టుకుని మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాం. "పైనుంచి ఆర్డర్ రావాలి" అన్న మాట తప్ప ఇంకోటి లేదు. రంజాన్‌లో ఇఫ్తార్ విందులకి నాయకులు, అధికారులు పోటీపడి వచ్చి ఖర్జూరం పట్టుకుని ఫొటోలు దిగుతారు. పండగ దాటాక మా పిల్లలు ఒక్కరికీ గుర్తుండరు. ఒక్క విందు ఖర్చుతో ఎంతమంది పిల్లలు వారం రోజులు ఉండగలరో వాళ్లనే లెక్క వేయమనండి.

ఈ వేసవి ఎలాగూ అయిపోతోంది. వచ్చే ఏడాదికైనా మా జిల్లాలో అమ్మాయిలకొకటి, అబ్బాయిలకొకటి గురుకులం వేసవి శిబిరం కోసం తెరవండి. వంటకి మనుషులు కావాలంటే మా వీధి ఆడవాళ్లమే వస్తాం.

- ఒక తల్లి, మహబూబ్‌నగర్